జపాన్ గణికల చిత్రాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జపాన్ చిత్రకారుడు ఉతమారో గీసిన గణిక బొమ్మ ఎవరికి చూపించినా ముందు "గీషా కదూ?" అంటారు. కాదని చెప్పేలోపే "అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయేంటి?" అని రెండో ప్రశ్న వస్తుంది. ఏళ్ల తరబడి ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## మొదటిసారి చూస్తున్నవాళ్లకి

ఈ బొమ్మల్లో ఉన్నది గీషాలేనా?

చాలావరకు కాదు. గీషా పని పాడటం, ఆడటం, షామిసెన్ అనే మూడు తీగల వాద్యం వాయించడం. ఎదో నగరంలోని యోషివారా అనే గణికల పేటలో 1779లో గీషాల కోసం వేరే నమోదు కార్యాలయం పెట్టారు. వాళ్లు గణికల బేరానికి అడ్డు రాకూడదన్నది అందులో ముఖ్యమైన కట్టడి. ఇప్పటి పేరు టోక్యో అయిన ఎదోలో ఆ రెండు వృత్తులకీ మధ్య గీత అంత గట్టిగా ఉండేది.

బొమ్మలో గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. నడుముకి కట్టే ఓబి ముడి ముందువైపు పెద్దగా వేలాడుతుంటే, తలలో తాబేటి చిప్పతో చేసిన దువ్వెనలూ పిన్నులూ చుట్టూ కిరణాల్లా గుచ్చి ఉంటే, ఎత్తు చెక్క చెప్పుల్లో పాదాలు మేజోళ్లు లేకుండా కనిపిస్తుంటే ఆమె గణిక. ఓబి ముడి వెనక ఉండి, పిన్నులు తక్కువై, పక్కన షామిసెన్ కనిపిస్తే గీషా. ఒక్క ఓబిని మాత్రమే నమ్మకండి. ఆ రోజుల్లో పెళ్లయిన ఆడవాళ్లు కూడా కొందరు ముడి ముందుకే కట్టుకునేవారు.

తెలుగులో వీళ్లని ఏమనాలి? వేశ్య అంటే తప్పా?

తప్పేం కాదు, వాళ్లు చేసింది ఆ పనే. కానీ బొమ్మల్లోకి ఎక్కువగా ఎక్కినవాళ్లు పై అంతస్తు వాళ్లు. చేతిరాత, కవిత్వం, టీ మర్యాద, సుగంధాలు గుర్తుపట్టే ఆట నేర్చుకున్నవాళ్లు. మొదట్లో వాళ్లలో అందరికన్నా పైనున్న హోదాని 'తాయూ' అనేవారు. 18వ శతాబ్దం మధ్యకి యోషివారాలో ఆ హోదా కనుమరుగైంది, తర్వాత 'ఒయిరాన్' అనే మాట వాడుకలోకి వచ్చింది. చదువూ కళా ఉన్న వేశ్యకి మనకి 'గణిక' అనే పాత మాట ఉంది కాబట్టి నేను అదే వాడతాను.

యోషివారా అంటే ఏంటి? ఊరా, వీధా?

గోడ కట్టిన పేట అనుకోండి. షోగున్ (సైనిక పాలకుడు) ప్రభుత్వం 1617లో అనుమతి ఇచ్చింది, ఆ మరుసటి ఏడాది నిహోన్‌బాషి దగ్గర తెరిచారు. 1657లో ఎదోని కాల్చేసిన పెద్ద అగ్నిప్రమాదం తర్వాత ఊరి బయటికి, అసకుసా వెనక పొలాల్లోకి మార్చారు. మనం చూసే బొమ్మలు దాదాపు అన్నీ ఈ రెండో యోషివారావే. చుట్టూ కందకం, రాకపోకలకి ఒకటే పెద్ద ద్వారం. ఆ కందకం వచ్చేవాళ్లని ఆపడానికి కాదు, లోపలి అమ్మాయిలు బయటికి పోకుండా.

వసంతంలో నడివీధిలో పూలతో ఉన్న సకురా (చెర్రీ) చెట్లు తెచ్చి నాటేవారు, పూలు రాలగానే పీకేసేవారు. బొమ్మల్లో కనిపించే పూల వీధి అదే. వ్యభిచార నిషేధ చట్టం 1958లో పూర్తిగా అమల్లోకి వచ్చాక యోషివారా ఒక లైసెన్సు పేటగా ముగిసింది. ఇంటికెళ్లే విటులు వెనక్కి తిరిగి చూసే చోటని పేరుపడ్డ విల్లో చెట్టు ఉంది చూశారూ, దానికి వారసురాలైన చెట్టు ఇప్పటికీ అక్కడ రోడ్డు పక్కన నిలబడి ఉంది.

ఉకియో-ఎ, బిజిన్-గా రెండూ ఒకటేనా?

కాదు. 'తేలే లోకపు బొమ్మలు' అని అర్థమొచ్చే ఉకియో-ఎ పెద్ద గొడుగు. నాటక నటులు, సుమో వస్తాదులు, కొండలు, దయ్యాలు అన్నీ దాని కిందికే వస్తాయి. బిజిన్-గా అంటే అందగత్తెల బొమ్మలు, అందులో ఒక కొమ్మ. గణికల చిత్రాలు ఆ కొమ్మలో పెద్ద రెమ్మ. టీ అంగడి అమ్మాయిలు, గీషాలు, తల్లులు కూడా బిజిన్-గాలో ఉంటారు.

ఇవి బూతు బొమ్మలా? ఇంట్లో అందరి ముందూ చూడొచ్చా?

నిక్షేపంగా చూడొచ్చు. నూటికి తొంభై బొమ్మల్లో మెడా చేతులూ తప్ప ఇంకేం కనబడవు. శృంగార చిత్రాలు వేరే ఉన్నాయి, వాటిని 'షుంగా' అంటారు. 1722లో నిషేధించినా చాటుగా అమ్ముడుపోయేవి, ఉతమారోతో సహా పెద్ద చిత్రకారులంతా గీశారు. ఇంటర్నెట్‌లో చిత్రకారుడి పేరు కొట్టి వెతికితే రెండూ కలిసి వస్తాయి. పిల్లలు పక్కనుంటే మ్యూజియం వెబ్‌సైట్లో వెతకడమే మంచిది.

## బొమ్మని దగ్గరగా చూస్తున్నప్పుడు

అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి. పోర్ట్రెయిట్ అని ఎలా అంటాం?

మంచి ప్రశ్న, నన్నూ చాలాకాలం వేధించింది. కోలమొహం, గీతల్లాంటి కళ్లు, కొక్కెంలాంటి ముక్కు, చిటికెడు నోరు అచ్చుపోసినట్టు ఉంటాయి. 1770ల్లో కోర్యూసాయి అనే చిత్రకారుడు గీసిన పదిమందిని వరసగా పెట్టి పేర్లు మూసేస్తే ఎవరు ఎవరో చెప్పలేం. అప్పటి కొనుగోలుదారుకి అది లోటుగా అనిపించలేదు. పేరు, ఇంటి గుర్తు, ఆ ఏడాది ఆమె కట్టిన కిమోనో ఉంటే చాలు, ఆమె అక్కడున్నట్టే. మన గుళ్లో దేవుణ్ని శంఖచక్రాలు చూసి గుర్తుపడతాం కదా, ఆ పద్ధతే.

1790ల్లో ఉతమారో దీన్ని కాస్త కదిలించాడు. ముక్కు వంపులో ఒక వెంట్రుకవాసి తేడా, కళ్ల మధ్య దూరంలో ఇంకో చిన్న తేడా. మొదటిసారికి పట్టుబడదు. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి ఐదు నిమిషాలు చూడండి, తెలుస్తుంది.

పక్కన నిలువుగా రాసి ఉన్నదేంటి?

సాధారణంగా ఆ బొమ్మ ఏ వరసలోదో (సిరీస్) దాని పేరు, వేశ్యాగృహం పేరు, గణిక పేరు, వెంట ఉండే చిన్నపిల్లల పేర్లు, చివర చిత్రకారుడి సంతకం. సంతకం కింద 'హిత్సు' అని ఉంటే 'ఫలానావారి కుంచె' అని. చిన్న బొమ్మ ముద్రలు ప్రచురణకర్తవి. కొండ శిఖరం కింద ఐవీ ఆకు ఉంటే అది త్సుతాయా జూజాబురో దుకాణం. గుండ్రటి ముద్రలో ఒకే అక్షరం ఉంటే సెన్సార్ ఆమోదం. అది 1790 నుంచి మొదలైంది కాబట్టి తేదీ అంచనా వేయడానికి పనికొస్తుంది.

హనాఒగి అనే ఆమె ఇరవై ఏళ్ల తర్వాత బొమ్మల్లో కూడా కుర్రదానిలాగే ఉంది. ఎలా?

ఆమె ఒక్కతి కాదు కాబట్టి. పేరు ఇంటి ఆస్తి. ఓగియా అనే గృహంలో హనాఒగి, తకిగావా, మత్సుబాయాలో సెగావా, చోజియాలో హినాజురు, ఇవన్నీ వారసత్వంగా వచ్చే పేర్లు. ఒకామె వెళ్లిపోతే ఆ పేరు ఇంకొకామెకి కట్టబెడతారు. 1770ల్లో కోర్యూసాయి గీసిన హనాఒగి వేరు, 1790ల్లో ఉతమారో గీసిన హనాఒగి వేరు. వాళ్లలో చాలామందికి తల్లిదండ్రులు పెట్టిన పేరేంటో బొమ్మ చెప్పదు.

పక్కన ఒకేలాంటి బట్టలేసుకున్న ఇద్దరు చిన్నపిల్లలు ఆమె కూతుళ్లా?

కాదు, వాళ్లు 'కామురో'లు. ఐదారేళ్లకో ఏడెనిమిదేళ్లకో పేటకి అమ్ముడుపోయి వచ్చిన పిల్లలు. పెద్ద గణిక పనులు చేస్తూ విద్యలు నేర్చుకునేవాళ్లు. వాళ్ల తిండీ బట్టా ఖర్చు ఆ గణిక ఖాతాలోనే పడేది. హనాఒగి వెంట ఉండే జంట పేర్లు యోషినో, తత్సుతా. ఒకటి సకురా పూలకి, ఇంకోటి శరదృతువు మేపుల్ ఆకులకి పేరుపడ్డ చోటు. అంటే పిల్లల పేర్లు కూడా అలంకరణలో భాగమే. పద్నాలుగేళ్లు దాటాక 'షింజో' అనే తర్వాతి మెట్టు. బొమ్మలో పొడవు చేతుల కిమోనోతో వెనక నిలబడే అమ్మాయి ఆమె.

కింది పెదవి ఆకుపచ్చగా ఉంది. రంగు పాడైందా?

పాడవలేదు, అది ఫ్యాషన్. కుసుమపూల నుంచి తీసిన ఎర్రరంగుని మందంగా పూస్తే ఎండాక పచ్చటి తళుకు వస్తుంది. ఆ ఎరుపు బంగారంతో సమానమైన ఖరీదు, కాబట్టి పచ్చ పెదవి అంటే డబ్బు. డబ్బు లేనివాళ్లు కింద సిరాబొట్టు పూసి పైన పల్చగా ఎరుపు వేసేవారట. ఎయిసెన్ అనే చిత్రకారుడు 1820ల్లో గీసిన బొమ్మల్లో ఇది బాగా కనిపిస్తుంది.

పళ్లు నల్లగా ఎందుకున్నాయి?

కావాలనే నల్లబరుచుకునేవారు. పెళ్లయిన ఆడవాళ్లూ యోషివారా గణికలూ చేసేవారు, గీషాలు చేసేవారు కాదు. పేట చుట్టూ ఉన్న కందకానికి జనం పెట్టిన పేరే 'పళ్లనలుపు కాలువ'.

ఒక బొమ్మలో కిమోనో నిండా నరకం, యమధర్మరాజు ఉన్నారు. నిజంగా యముడేనా?

నిజంగా మన యముడే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ వెళ్లి 'ఎమ్మా' అయ్యాడు. ఆ కిమోనో కట్టిన ఆమెని 'జిగోకు దాయూ', అంటే నరక గణిక అంటారు. పూర్వజన్మ కర్మ వల్ల ఈ వృత్తిలో పడ్డానని నరకాన్నే ఒంటిమీద వేసుకుందని, ఇక్క్యూ అనే జెన్ సన్యాసి వల్ల జ్ఞానం పొందిందని కథ. 19వ శతాబ్దంలో కవనబె క్యోసాయి ఆమెని మళ్లీ మళ్లీ గీశాడు, చుట్టూ నాట్యమాడే అస్థిపంజరాలతో సహా.

ఇలాంటి ముడిపెట్టడం వాళ్లకి చాలా ఇష్టం. గణికనీ దరుమానీ ఒకే బొమ్మలో పెట్టి, ఒకరి బట్టలు ఇంకొకరికి వేసే వేళాకోళం కూడా ఉంది. దరుమా అంటే దక్షిణ భారతం నుంచి వెళ్లాడని చెప్పే బోధిధర్ముడే. ఆయన గోడకేసి చూస్తూ తొమ్మిదేళ్లు కూర్చున్నాడు, తాను పదేళ్లు కూర్చున్నానని ఒక గణిక అన్నదట. ఆ మాటలో నవ్వు ఎంతుందో ఏడుపూ అంతే ఉంది.

## గీసినవాళ్లు, అచ్చేసినవాళ్లు

ఎక్కడ మొదలుపెట్టాలి? ఎవరెవర్ని చూడాలి?

ఓపికుంటే 1710ల నాటి కాయిగెత్సుదో ఆందోతో మొదలుపెట్టండి. ఒక్కతే నిలబడ్డ గణిక, లావుపాటి గీత, గోడంత కిమోనో. ఆయన రంగులద్దిన చిత్రాలే గీశాడు, అచ్చు బొమ్మలు ఆయన శిష్యులవి. 1765లో హరునోబు చుట్టూ పూర్తిస్థాయి రంగుల అచ్చు మొదలైంది. ఆయన అమ్మాయిలు గాలికి ఎగిరిపోయేంత సన్నం. తర్వాత కోర్యూసాయి, 1780ల్లో పొడవాటి మనుషుల కియోనగా, 1790ల్లో ఉతమారో. అదే కాలంలో సమురాయ్ కుటుంబం నుంచి వచ్చిన ఎయిషి గీసినవాళ్లు మరీ మర్యాదగా ఉంటారు, నాకు కాస్త చల్లగా అనిపిస్తారు. 1820ల ఎయిసెన్ దగ్గరికొచ్చేసరికి మెడ ముందుకు వంగి, చూపు పదునెక్కి, బట్టలు బరువెక్కిపోతాయి. టైమ్ లేదంటే ఉతమారో ఒక్కడు చాలు.

అందరూ ఉతమారో అంటారు. ఆయనలో అంత గొప్ప ఏముంది?

రెండు పనులు చేశాడు. ఒకటి, 1792-93 ప్రాంతంలో అప్పటిదాకా నటులకే వాడే 'పెద్ద తల' పద్ధతిని ఆడవాళ్లకి తెచ్చాడు. కిమోనో నుంచి కళ్లు తిప్పించి మొహం మీద నిలబెట్టాడు. వెనక అభ్రకం పొడితో మెరిసే ఖాళీ నేపథ్యం, అంతే.

రెండోది నాకు ఇంకా ఇష్టం. 1794 ప్రాంతంలో 'యోషివారాలో పన్నెండు జాములు' అనే వరస గీశాడు. అప్పటి లెక్కలో రోజుకి పన్నెండు జాములు, ఎలుక జాము, ఎద్దు జాము అని జంతువుల పేర్లు. అందులో ఎద్దు జాము, అంటే రాత్రి రెండు గంటల వేళ, ఒక గణిక నిద్రమత్తులో లేచింది. ఒక చేతిలో వెలిగించిన కాగితపు వత్తి, ఇంకో చేతిలో మడిచిన కాగితాలు. చూపు కిందికి వాలి ఉంది, పాదం చెప్పు కోసం తడుముతోంది. మరుగుదొడ్డికి వెళ్తోంది, అంతకన్నా కథ లేదు. ఊరేగింపు లేదు, విటుడు లేడు. ఆమెని ఎవరూ చూడని నిమిషం అది. పేటలోని అయిదు తరగతులకి అయిదు రకాల సిరా అని పేరు పెట్టిన ఇంకో వరసలో, ఒయిరాన్ పక్కనే అట్టడుగు తరగతి ఆమెని కూడా గీశాడు. జుట్టు చెదిరి, బట్ట జారి ఉంటుంది. ఆ తరగతి పేరే 'తుపాకి', దగ్గరికెళ్తే రోగం తూటాలా తగులుతుందని. అలాంటామెని అందగత్తెల వరసలో పెట్టడానికి ధైర్యం కావాలి.

బొమ్మ మీద ఒక్క పేరే ఉంటుంది. నిజంగా ఒక్కడే చేశాడా?

లేదు, నాలుగు చేతులు. ప్రచురణకర్త డబ్బు పెట్టి విషయం నిర్ణయిస్తాడు. చిత్రకారుడు నల్లగీతల బొమ్మ ఇస్తాడు. చెక్కేవాడు దాన్ని చెర్రీ చెక్క మీద బోర్లా అతికించి చెక్కుతాడు, అసలు బొమ్మ అక్కడితో పోతుంది. నుదుటి దగ్గర జుట్టు మొదళ్లు చెక్కడం ఆ పనివాళ్లలో అందరికన్నా పెద్ద చెయ్యి చేసేది. రంగుకో చెక్క. అచ్చువేసేవాడు మల్బరీ జాతి నారతో చేసిన కాగితాన్ని చెక్కమీద పరిచి 'బారెన్' అనే గుండ్రటి రుద్దుడుబిళ్లతో రుద్దుతాడు. కాగితం పక్కకి జరగకుండా మూలన చిన్న గాడి ఉంటుంది. మామూలు సైజు సుమారు 39 × 26 సెంటీమీటర్లు. ధర ఒకట్రెండు గిన్నెల సోబా నూడుల్స్‌కి అయ్యేంత. పెద్ద మొత్తం కాదు, చిల్లర డబ్బు.

ఇవి ఒకరకంగా ప్రకటనలేనా?

ఒకరకంగా ఏమిటి, బాగానే. కోర్యూసాయి 1776 ప్రాంతం నుంచి గీసిన వరసలో వందకి పైగా బొమ్మలున్నాయి, దాని పేరులోనే 'బట్టల నమూనా' అనే మాట ఉంది. కొత్త ఏడాదికి ఏ ఇంటి గణిక ఏ కిమోనో వేసిందో అందులో చూపించారు. ఖర్చులో కొంత వేశ్యాగృహాలే భరించి ఉంటాయని పరిశోధకుల అంచనా. ఒయిరాన్ దగ్గరికెళ్లే స్తోమత లేనివాళ్లు, ఫ్యాషన్ కోసం ఊళ్లో ఆడవాళ్లు, ఎదో నుంచి సొంతూరు వెళ్తూ గుర్తుగా పట్టుకెళ్లే సమురాయ్‌లు, అందరూ కొనేవారు.

ఈ వ్యాపారాన్ని బాగా అర్థం చేసుకున్నవాడు త్సుతాయా. 1750లో యోషివారాలోనే పుట్టాడు. పేట ద్వారం ముందు దుకాణం పెట్టి, ఏ ఇంట్లో ఎవరున్నారో చెప్పే డైరెక్టరీలు అమ్మాడు, తర్వాత ఉతమారోని పైకి తెచ్చాడు. 2025లో జపాన్ టీవీలో ఈయన జీవితం మీద ఏడాది పొడవునా సీరియల్ వచ్చింది.

ప్రభుత్వం చూస్తూ ఊరుకుందా?

ఊరుకోలేదు, కానీ దానికి పట్టింది నీతి కన్నా ఆర్భాటం. 1791లో పేట కథల పుస్తకాలు వేసినందుకు త్సుతాయా ఆస్తిలో సగం పోయింది, రాసిన సాంతో క్యోదెన్ చేతులకి 50 రోజులు సంకెళ్లు పడ్డాయి. 1793లో బొమ్మల మీద మామూలు ఆడవాళ్ల పేర్లు రాయకూడదన్నారు, లైసెన్సు గణికలకి మాత్రం మినహాయింపు. ఉతమారో పేరుకి బదులు చిత్రాల పొడుపుకథ పెడితే 1796లో దాన్నీ ఆపారు. 1800లో పెద్ద తలల బొమ్మలు వద్దన్నారు. 1804లో ఉతమారోకే సంకెళ్లు పడ్డాయి, అయితే గణికల వల్ల కాదు, హిదెయోషి అనే పాత పాలకుణ్ని గీసినందుకు. రెండేళ్లకి చనిపోయాడు. 1842లో గణికల బొమ్మల్నే నిషేధించారు, ఆ కట్టడి కొన్నేళ్లకి సడలింది.

ఆడవాళ్లెవరూ గీయలేదా?

గీశారు. పేరున్న చిత్రకారుడు హొకుసాయి కూతురు కత్సుషికా ఓయి గీసిన యోషివారా రాత్రి బొమ్మ ఒక్కటి చాలు. కటకటాల వెనక వెలుగులో గణికలు కూర్చుని ఉంటారు, బయట చీకట్లో మగవాళ్లు తొంగిచూస్తుంటారు. కటకటాల అడ్డంతో లోపలి మొహాలు సరిగా కనబడవు. టోక్యోలోని ఓతా స్మారక మ్యూజియంలో ఉంది.

## బొమ్మ వెనక మనిషి

వాళ్లు నిజంగా అంత వైభవంగా బతికారా?

లేదు. పేద తల్లిదండ్రులు అడ్వాన్సు తీసుకుని కాగితం రాసిచ్చేవారు. మనుషుల అమ్మకం చట్టప్రకారం నిషేధం కాబట్టి దాన్ని 'పనికి కుదర్చడం' అనేవారు, మామూలుగా పదేళ్ల కరారు. బట్టలు, పరుపులు, పిన్నులు అన్నీ అప్పు కింద జమ. బొమ్మలో మనం మురిసిపోయే కిమోనో ఎంత బరువైతే ఆమె బాకీ అంత. ఇరవయ్యేడేళ్ల ప్రాంతానికి కరారు ముగిసేది, ఎవరైనా డబ్బున్నవాడు బాకీ కట్టి తీసుకెళ్తే ముందే బయటపడేది. చాలామంది రోగాలతో అంతకుముందే పోయారు. దగ్గర్లోని జోకాన్-జి గుడికి 'పడేసే గుడి' అని పేరు. దిక్కులేని శవాల్ని అక్కడ వదిలేసేవారు. సుమారు 25,000 మందిని అక్కడ పూడ్చారని చెబుతారు.

తన బొమ్మ చూసుకుని ఏ గణికైనా ఏమైనా అందా?

ఒకామె మాట మనదాకా వచ్చింది. 1872లో తకహాషి యుయిచి పాశ్చాత్య పద్ధతిలో తైలవర్ణాలతో కోఇనె అనే ఒయిరాన్‌ని గీశాడు. మొహంలో అలసట, ఎముకలు, ఉన్నది ఉన్నట్టు పెట్టాడు. ఆమె చూసి "నా మొహం ఇలా ఉండదు" అని కోపంతో ఏడ్చిందని చెప్పుకుంటారు. వందేళ్లుగా అచ్చు బొమ్మల్లో ఒయిరాన్ అంటే ఎలా ఉండాలో అందరికీ తెలుసు మరి. ఆమెకీ తెలుసు.

ఇదంతా తెలిశాక ఈ బొమ్మల్ని మెచ్చుకోవడం తప్పు కాదా?

నా మటుకు తప్పనుకోను, కానీ మెచ్చుకోవడంలో తొందర వద్దంటాను. ఎక్కువ బొమ్మలు సరుకుని అందంగా చూపించే పని చేశాయి, ఆ సంగతి దాచక్కర్లేదు. వాటి మధ్య అక్కడక్కడా చిత్రకారుడి కన్ను పక్కకి జరిగింది. హిరోషిగె అనే చిత్రకారుడు 1857లో గీసిన బొమ్మలో గణిక గది ఉంది, గణిక కనబడదు. కిటికీ గట్టు మీద తెల్లపిల్లి ఒక్కటే కూర్చుని కటకటాల్లోంచి పొలాల్నీ తిరునాళ్లకి పోయే జనాన్నీ చూస్తోంది. నేనైతే ఊరేగింపు బొమ్మలు పది వదిలేసి దీని దగ్గర ఆగిపోతాను.

వాన్ గో గీసిన గణిక కూడా జపాన్ బొమ్మేనా?

మూలం ఎయిసెన్‌ది. 1886లో పారిస్ పత్రిక ఒకటి ఆ బొమ్మని ముఖచిత్రంగా వేసింది, అదీ కుడిఎడమలు తారుమారై. 1887లో వాన్ గో దాన్ని చూసి పెద్దది చేసి గీశాడు, కాబట్టి ఆయన గణిక ఎయిసెన్ గణికకి అద్దంలో ప్రతిబింబం. చుట్టూ వేసిన కొంగలు, కప్పలు వేళాకోళం. ఆ రెండు మాటలూ ఫ్రెంచి వాడుకలో వేశ్యకి మారుపేర్లు.

## చూడాలంటే, కొనాలంటే

డబ్బు పెట్టకుండా ఎక్కడ చూడొచ్చు?

న్యూయార్క్ మెట్రోపాలిటన్, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్లలో పెద్ద సైజు ఫొటోలు ఉచితంగా దించుకోవచ్చు. బోస్టన్, బ్రిటిష్ మ్యూజియం సేకరణలూ ఆన్‌లైన్లో ఉన్నాయి. టోక్యో వెళ్తే ఉఎనోలోని నేషనల్ మ్యూజియం, హరజుకులోని ఓతా మ్యూజియం చూడండి. అయితే ఏ బొమ్మనీ కొన్ని వారాలకి మించి బయట పెట్టరు కాబట్టి మీరనుకున్నది కనబడకపోవచ్చు. హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం జపాన్ గదిలో పింగాణీ మంచిది ఉంది, కానీ ఈ అచ్చు బొమ్మల కోసమైతే ఫోనే నయం.

నేను కొన్నది అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?

భూతద్దం పెట్టండి. రంగు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ఆఫ్‌సెట్ ముద్రణ, పోస్టర్ కింద లెక్క. నేనూ ఒక ప్రయాణంలో 'పాత ఉతమారో' అని చెబితే టెన్షన్ పడి బేరమాడి కొన్నాను, ఇంటికొచ్చి అద్దం పెడితే చుక్కలే చుక్కలు. చెక్కతో అచ్చేస్తే రంగు వెనకవైపుకి ఇంకుతుంది, బారెన్ రుద్దిన గుండ్రటి గుర్తులు కనిపిస్తాయి, కొన్నిచోట్ల రంగు లేకుండా ఉబ్బెత్తు నొక్కుళ్లు వేలికి తగులుతాయి. అంతమాత్రాన అది 1790ల నాటిదని కాదు, 20వ శతాబ్దంలో మళ్లీ చెక్కి వేసినవి చాలా ఉన్నాయి. నా సలహా అడిగితే అలాంటి మంచి పునర్ముద్రణే కొనండి. పాతదాని పేరుతో మోసపోయే కన్నా అది నయం, రంగులు కూడా అప్పటివాళ్లు చూసినంత తాజాగా ఉంటాయి.

గోడకి తగిలిస్తే పాడవుతుందా?

అసలుదైతే పాడవుతుంది. ముందు పోయేది త్సుయుకుసా పువ్వు నుంచి తీసిన నీలం, తర్వాత కుసుమ ఎరుపు, ఊదా రంగు గోధుమలోకి దిగిపోతుంది. మ్యూజియాల్లో మనం చూసే ఆ లేత ఇసుకరంగు ఆకాశాలు చాలావాటిలో ఒకప్పుడు నీలాలే. 1921లో స్పాల్డింగ్ సోదరులు బోస్టన్ మ్యూజియంకి ఆరువేలకి పైగా అచ్చు బొమ్మలు ఇస్తూ ఒకే షరతు పెట్టారు, ఎప్పుడూ ప్రదర్శనకి పెట్టకూడదని. అందుకే వాటిలో ఊదా ఇంకా ఊదాగానే ఉంది.